మిగిలిన కరెంటును నీళ్ళలో దాచుకొనుడు

కరెంటు తీగ చేరని పొలము ఇండ్లలో సోలారు పలకలు పెట్టుకొనిన రైతు సోదరులకు ఒక చిక్కు కలదు. మిట్టమధ్యాహ్నమునకే బ్యాటరీ నిండును. ఆపై కాసిన ఎండ అంతయు వృథా. తెల్లవారుజామున స్నానమునకు, పాలగిన్నెలు కడుగుటకు మాత్రము మరల కట్టెల పొయ్యియే గతి. ఇందుకొరకు మరియొక బ్యాటరీ కొనుట తగదని నా అభిప్రాయము.

లెక్క చూడుడు. 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 65 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచుటకు సుమారు 4.6 యూనిట్లు పట్టును. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీలో పట్టునది 1.8 యూనిట్లే, అందులోను సగమునకు మించి వాడుచుండినచో దాని ఆయువు త్వరగా తరుగును. నీటితొట్టికి అట్టి జబ్బు లేదు. అయితే వేడినీరు దీపము వెలిగింపదు, ఫంకా త్రిప్పదు. కావున బ్యాటరీ నిండిన పిదపనే హీటరునకు కరెంటు మళ్ళింపవలెను. మిగులు తక్కువైన నాడు నీళ్ళు తక్కువ పోయుడు.

తొట్టి అడుగున, చుట్టును, మూతపైని జానెడు మందమున ఎండు ఊక కూరి, తడి తగులకుండ కప్పినచో ఉదయమునకు నీరు స్నానమునకు చాలినంత వేడిగా నుండును. ఊక మన ఇంట ఉన్నదే గదా! ఎర్తు, థర్మోస్టాటు, ఆవిరి పోవు గొట్టము లేనిదే హీటరు వేయరాదు. ఇందులో బేరము వలదు. నీరు లేని తొట్టిలో హీటరు వెలిగినచో ఊక అంటుకొనును.

పలకలు ఇంకను కొననివారు, వేడినీరే ముఖ్యావసరమైనచో, నేరుగా ఎండకు నీళ్ళు కాచు సోలారు హీటరునే కొనుడు. పలక తనపై పడిన ఎండలో సుమారు ఐదింట ఒక వంతునే కరెంటుగా మార్చును; ఆ హీటరు సగము వరకు వేడిగా పట్టుకొనును.