స్కోరు ఒక్కటే చాలదు, కొలబద్దనూ అడగాలి

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రం 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. నల్లగొండ వంటి ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతాల్లో ఒక బోరు నీళ్లు తాగవచ్చా లేదా అన్నది ప్రయోగశాల ఇచ్చే అంకెను బట్టే తేలుతుంది. మరి ఆ ప్రయోగశాలకు పరీక్ష పెట్టేదెలా?

ఇందుకోసమే ప్రావీణ్య పరీక్షలు ఉన్నాయి. ఒకే నమూనాను అనేక ప్రయోగశాలలకు పంపుతారు. ఒక్కో ప్రయోగశాల చెప్పిన ఫలితంలోంచి నిర్ధారిత విలువను తీసివేసి, ఆ తేడాను ఒక ప్రామాణిక విచలనంతో భాగిస్తారు. అదే జెడ్ స్కోరు. ప్లస్ అయినా మైనస్ అయినా స్కోరు 2 లోపు ఉంటే సంతృప్తికరం, 2కీ 3కీ మధ్య ఉంటే సందేహాస్పదం, 3 లేదా అంతకు మించితే అసంతృప్తికరం.

కిటుకంతా ఆ భాగహారంలోనే ఉంది. నమూనాలో ఫ్లోరైడ్ 1.6 ఉందనుకుందాం. ఒక ప్రయోగశాల 1.4 అని చెప్పింది. అంటే, పరిమితి దాటిన నీటిని పరిమితిలోపే ఉన్నట్లు చూపింది. విచలనాన్ని 0.08గా ముందే నిర్ణయిస్తే స్కోరు మైనస్ 2.5, అంటే సందేహాస్పదం. అలాకాక, పాల్గొన్న ప్రయోగశాలల ఫలితాల్లోని చెదురునే కొలబద్దగా తీసుకున్నారనుకుందాం. ఆ చెదురు 0.2 ఉంటే స్కోరు మైనస్ 1, అంటే సంతృప్తికరం! తప్పు మారలేదు, కొలబద్ద మాత్రమే సాగింది. తరగతిలో అందరూ వెనకబడితే పాస్ మార్కు తగ్గించినట్లే ఇది.

ఈ స్కోర్లకు మార్గదర్శకమైన ఐఎస్ఓ 13528 ప్రమాణం రెండు పద్ధతులనూ అనుమతిస్తుంది. కొత్త పరీక్షలకు, ముందస్తు అనుభవం లేని పదార్థాలకు రెండో పద్ధతి తప్పకపోవచ్చు. కానీ ప్రజారోగ్య పరిమితులు ఉన్న చోట, ఫలితాన్ని దేనికి వాడతామో దాన్ని బట్టే కొలబద్ద ముందుగా ఖరారు కావాలన్నది నా అభిప్రాయం.

అలాగని ఒక్క స్కోరుతో ప్రయోగశాలపై ముద్ర వేయడమూ సరికాదు. అన్నీ సవ్యంగా ఉన్నా, కేవలం యాదృచ్ఛికంగా ఇరవైలో ఒక ఫలితం 2 దాటవచ్చు. అయితే వరుసగా ప్రతిసారీ మైనస్ వైపే స్కోర్లు వస్తుంటే, అవి 2 లోపు ఉన్నా, పరికరం క్రమాంకనాన్ని సరిచూసుకోవాల్సిందే.

కాబట్టి ఏ ప్రయోగశాలైనా ప్రావీణ్య పరీక్షలో నెగ్గామని చెబితే రెండు ప్రశ్నలు అడగండి: దేనితో భాగించారు? గత కొన్ని విడతల స్కోర్లు ఎటు మొగ్గుతున్నాయి? ఆ బోరు నీళ్లు తాగే పిల్లల పళ్లకూ ఎముకలకూ స్కోరుతో పని లేదు, నీటిలో ఉన్న ఫ్లోరైడ్‌తోనే పని.