‘ఫుల్ ఇన్సూరెన్స్’లో ఏముంది, ఏం లేదు?

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వీధులు చెరువులయ్యాయి. ఇళ్ల ముందు నిలిపిన కార్లు అద్దాలు దాటి మునిగి, రోజుల తరబడి ఆ నీళ్లలోనే ఉండిపోయాయి. నీళ్లు తీశాక తలుపు తెరిస్తే సీట్ల మీద బురద, డ్యాష్‌బోర్డు మీద నీటి చార. అలాంటప్పుడు ఎవరి చెయ్యయినా ముందు తాళం మీదికే వెళ్తుంది, ‘ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం’ అని. బీమా లెక్కలో అంతకన్నా ఖరీదైన పని మరొకటి ఉండదు.

ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కగలదు, నీటిని నొక్కలేదు. లోపల నీళ్లుండగా తాళం తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. షెడ్డులో మెకానిక్ ‘ఇంజిన్ సీజైంది’ అని తేల్చేస్తాడు. మామూలు ప్యాకేజ్ పాలసీలో వరద నష్టానికి రక్షణ ఉంది. తడిసిన సీట్లకు, పాడైన వైరింగుకు డబ్బు వస్తుంది. ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి సర్వేయర్ ఆగిపోతాడు. అది వరద నేరుగా చేసిన నష్టం కాదు, ఆ తర్వాత స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టం అంటాడు. ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ అనే అదనపు రక్షణ కొని ఉంటే తప్ప ఆ బిల్లు యజమాని నెత్తినే పడుతుంది. ముంపు నుంచి బయటపడిన బండిని స్టార్ట్ చేయకుండా టోయింగ్ వాహనంతో షెడ్డుకు చేర్చాలన్న ఒక్క మాట పాలసీ అమ్మేటప్పుడే చెప్పి ఉంటే ఎన్నో ఇంజిన్లు మిగిలేవి.

‘ఫుల్ ఇన్సూరెన్స్ ఉందండీ’ అంటారు యజమానులు. ఆ మాట పాలసీ కాగితంలో ఎక్కడా ఉండదు. షోరూముల్లో, ఏజెంట్ల నోట పుట్టి వాడుకలో స్థిరపడిపోయింది. ఎదుటివారికి జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బాధ్యతకు సొంత కారు నష్టం, అంటే ఓన్ డ్యామేజ్ కలిస్తే, ఆ ప్యాకేజ్ పాలసీకి ‘ఫుల్’ అని పేరు పెట్టేశారు. ఆ పేరు వినగానే కొనేవాడికి షరతుల మీద ధ్యాస పోతుంది, మిగిలేది ‘ప్రీమియం ఎంత?’ అన్న ఒక్క ప్రశ్న. కంపెనీలు కూడా ఆ ప్రశ్నకు జవాబుగానే పోటీ పడుతున్నాయి. తక్కువ రేటు వెతుక్కోవడం తప్పేమీ కాదు. ఆ తక్కువను దేన్ని కోసి తెచ్చారో చూడకపోవడమే నష్టం.

బేరం ఎక్కడ సాగుతుందో, ఎక్కడ సాగదో ముందు తెలియాలి. థర్డ్ పార్టీ ప్రీమియాన్ని కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు సొంత కారుకు ఏడాదికి రూ.2,094. 1000 నుంచి 1500 సీసీ దాకా రూ.3,416. అంతకు మించితే రూ.7,897. ఏ కంపెనీకి వెళ్లినా ఇందులో పైసా తేడా ఉండదు. ఓన్ డ్యామేజ్ రేట్లపై నియంత్రణను మాత్రం 2007 జనవరి నుంచి తొలగించారు. అంతకుముందు ఆ భాగానికీ దేశమంతటా టారిఫ్ ఉండేది. అందులో హైదరాబాద్ ‘ఎ’ జోన్, విజయవాడ, విశాఖ ‘బి’ జోన్. రేటు కొద్దిగా అటూఇటూ. ఇప్పుడు ఒకే కారుకు రెండు కంపెనీలు చెప్పే ధరల్లో కనిపించే తేడా అంతా ఈ ఓన్ డ్యామేజ్‌లోదే, దానికి తగిలించే అదనపు రక్షణలదే.

ఆ తేడాను సృష్టించడానికి అన్నిటికన్నా తేలిక మార్గం ఐడీవీని తగ్గించడం. కారు పూర్తిగా పోతే, అంటే దొంగతనం జరిగినా, మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటినా, కంపెనీ చెల్లించే గరిష్ఠ మొత్తమే ఐడీవీ. కారు తయారీదారు జాబితా ధర నుంచి వయసును బట్టి తరుగు తీసి దీన్ని కడతారు. ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50. అయిదేళ్లు దాటితే ఇద్దరూ మాట్లాడుకుని కుదుర్చుకోవాల్సిందే.

పది లక్షల జాబితా ధర ఉన్న కారుకు మూడేళ్లు నిండాయనుకుందాం. ఐడీవీ రూ.6 లక్షలు రావాలి. ఒక కొటేషన్‌లో 6 లక్షలు, మరో కొటేషన్‌లో 5 లక్షల 40 వేలు ఉంది. ఓన్ డ్యామేజ్ రేటు నూటికి ఒకటిన్నర రూపాయి అనుకుంటే మొదటిదానికి రూ.9,000, రెండోదానికి రూ.8,100. 18 శాతం జీఎస్టీ కలిపితే తేడా రూ.1,062. చూసేవాడికి రెండోది చవక. కారు పోయిన రోజున అదే కాగితం రూ.60 వేలు తక్కువ ఇస్తుంది. క్లెయిమ్ చేయనివారికి ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ తగ్గింపు ఉంటే మిగిలేది వెయ్యి కన్నా ఇంకా తక్కువే, పోగొట్టుకునేది మాత్రం అంతే. అందుకే ఐడీవీ ఒకటే చేయించి, అదనపు రక్షణలు ఒకటే పెట్టించి, ఆ తర్వాతే రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టాలి. పోలిక వెబ్‌సైట్లలో ఐడీవీని మార్చుకునే వీలుంటుంది. చాలామంది దాన్ని ముట్టుకోకుండానే అన్నిటికన్నా కిందనున్న అంకె మీద నొక్కేస్తారు.

ఇక షెడ్డులో బిల్లు చూద్దాం. వెనక నుంచి ఆటో తగిలి బంపర్ పగిలింది. ప్యాకేజ్ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి, ఎయిర్ బ్యాగులకు సగం తరుగు. ఫైబర్ గ్లాసుకు 30 శాతం. అద్దానికి తరుగు లేదు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి సున్నా నుంచి 50 శాతం దాకా. రూ.8,000 బంపర్‌లో రూ.4,000 యజమానే కట్టుకోవాలి. దానికి తోడు ప్రతి క్లెయిమ్‌లోనూ తప్పనిసరిగా మినహాయించే మొత్తం ఉంటుంది. 1500 సీసీ దాకా వెయ్యి రూపాయలు, ఆ పైన రెండు వేలు. అంటే 1500 సీసీ దాకా ఉన్న కారైతే బంపర్ కింద చేతికొచ్చేది రూ.3,000.

దానికి చెల్లించే మూల్యం ఆ బిల్లులో కనబడదు. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో వరుసగా 20, 25, 35, 45, 50 శాతం తగ్గింపు వస్తుంది. అదే నో క్లెయిమ్ బోనస్. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడిపోతుంది. 50 శాతానికి చేరుకున్న యజమానికి తగ్గింపుకు ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా రూ.9,000 చొప్పున మారదనుకుంటే, బోనస్ నిలిచినప్పుడు అయిదేళ్లలో అతను కట్టేది రూ.22,500. బంపర్ కోసం క్లెయిమ్ చేసి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కితే రూ.33,750. మూడు వేల కోసం పదకొండు వేలు పైచిలుకు పోగొట్టుకున్నట్టు. చిన్న డెంటింగ్, పెయింటింగ్ పనికి సొంత డబ్బు పెట్టుకుని, పెద్ద దెబ్బకు పాలసీని దాచుకోవడం మేలని ఈ లెక్క చెబుతుంది.

ఆ బోనస్ కారుది కాదు, మనిషిది. పాత కారు అమ్మి కొత్తది కొంటే దానికి బదలాయించుకోవచ్చు. కంపెనీ మారినా వెంట వస్తుంది. పాలసీ ముగిసిన 90 రోజుల్లోపు రెన్యువల్ చేయించకపోతే మాత్రం అంతా పోతుంది. ఊళ్లో లేమనో, డబ్బు సర్దుబాటు కాలేదనో మూడు నెలలు దాటించి, నాలుగేళ్లు కూడబెట్టుకున్న బోనస్‌ను చేజార్చుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

తరుగు బాధ తప్పించేదే జీరో డెప్, వాడుకలో ‘బంపర్ టు బంపర్’. కొత్త కారుకు, ముఖ్యంగా ప్లాస్టిక్ భాగాలే ఎక్కువగా ఉండే ఈనాటి కార్లకు, దీన్ని వదులుకోవడం పొదుపు కాదు. అయితే ఏడాదికి రెండు క్లెయిములకే పరిమితమని కొన్ని పాలసీల్లో ఉంటుంది. కారు వయసు పెరిగాక చాలా కంపెనీలు ఇవ్వనే ఇవ్వవు. దొంగతనం భయం ఉన్నచోట, రుణం మీద కొన్న కారుకు, ‘రిటర్న్ టు ఇన్వాయిస్’ పనికొస్తుంది. తరుగు తీసిన ఐడీవీకి బదులు కొన్న ధర వస్తుంది కనుక బ్యాంకు బాకీ తీరాక చేతిలో ఎంతో కొంత మిగులుతుంది. తాళం చెవి పోతే ఇంత, సామాన్లు పోతే ఇంత అని జోడించే చిన్నాచితకా రక్షణల కంటే వరద ఊళ్లో ఇంజిన్ రక్షణే ముఖ్యం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీల్లో కార్లు కొట్టుకుపోయిన దృశ్యాలు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా తక్కువమంది వాడుకుంటున్న హక్కు ఇంకొకటుంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి అయింది. ఓన్ డ్యామేజ్‌ను మాత్రం ఏడాదికే తీసుకోవచ్చు. 2019 సెప్టెంబర్ నుంచి ఒక్క ఓన్ డ్యామేజ్ పాలసీనే విడిగా కొనే వీలు కూడా వచ్చింది. అంటే థర్డ్ పార్టీ మొదటి కంపెనీలోనే ఉండగా, రెండో ఏడు ఓన్ డ్యామేజ్‌ను వేరే కంపెనీకి మార్చుకోవచ్చు. షోరూము నుంచి వచ్చే రెన్యువల్ ఫోనులో ఈ మాట వినిపించదు. కొత్త కారు కొనే రోజునైనా ఆన్‌రోడ్ ధరలో కలిపేసిన బీమా తీసుకోవాల్సిందే అన్న నియమం లేదు. డీలర్లు బీమా అమ్మడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లో నిబంధనలు పెట్టింది, కంపెనీని ఎంచుకునే హక్కు కొనుగోలుదారుడిదే. బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదేమోనన్న భయమూ ఉంటుంది. క్యాష్‌లెస్ అనేది ఆ వర్క్‌షాప్‌కూ బీమా కంపెనీకీ ఉన్న ఒప్పందం మీద ఆధారపడుతుంది. దగ్గర్లో ఏ వర్క్‌షాప్‌తో ఏ కంపెనీకి ఒప్పందం ఉందో కనుక్కోవడం రేటులో అయిదు వందలు తగ్గించుకోవడం కన్నా పెద్ద పని.

రేటు ఎంత బాగా కుదిరినా వాడకంలో తేడా వస్తే పాలసీ చెల్లదు. తెల్ల నంబర్ ప్లేటు కారును తిరుపతికో శ్రీశైలానికో కిరాయికి పంపి, దారిలో ప్రమాదం జరిగితే ఓన్ డ్యామేజ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. గ్యాస్ కిట్ బిగించి పాలసీలో రాయించకపోయినా చిక్కే. సెకండ్ హ్యాండ్ బేరాల్లో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. కారు చేతులు మారితే థర్డ్ పార్టీ రక్షణ చట్టప్రకారం కొత్త యజమానికి వెళ్తుంది. ఓన్ డ్యామేజ్ అలా వెళ్లదు, 14 రోజుల్లో పాలసీని పేరు మార్పించుకోవాలి. అమ్మినవాడికీ ముప్పుంది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. సంతకాలు పెట్టిన ఫారాలు ఇచ్చేసి డబ్బు తీసుకుని వెళ్లిపోయిన మనిషికి, ఏళ్ల తర్వాత ప్రమాద పరిహారం నోటీసు రావచ్చు. బీమా లేని కారైతే మరణానికి, గాయాలకు కోర్టు వేసే పరిహారానికి పరిమితి ఉండదు. రూ.2,000 జరిమానాకు భయపడి కాకపోయినా, దీని కోసమైనా థర్డ్ పార్టీ ఒక్కరోజూ తెగకూడదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువాళ్లకు కారు బీమా అంటే డ్రైవింగ్ చరిత్ర. స్పీడింగ్ టికెట్ పడితే మరుసటి ఏడు రేటు పెరుగుతుంది. మన దగ్గర ధర కారును చూస్తుంది, మనిషిని దాదాపుగా చూడదు. ట్రాఫిక్ ఉల్లంఘనలను ప్రీమియంతో ముడిపెట్టాలని ఐఆర్‌డీఏఐ కమిటీ 2021లో సూచించింది. తిరిగినంతకే కట్టే పద్ధతికి 2022 జూలైలో అనుమతి వచ్చింది. నెలకు నాలుగు వందల కిలోమీటర్లు కూడా తిరగని రిటైర్డ్ ఉద్యోగికి ఇది నిజంగా లాభం. అడిగితే చెప్పే ఏజెంట్లున్నారు, అడగకుండా చెప్పేవాళ్లు తక్కువ.

ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. పత్రాలు లేవన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించకూడదని, పాలసీ సారాంశాన్ని విడిగా ఓ పత్రంలో ఇవ్వాలని 2024 జూన్‌లో ఆ సంస్థ ఆదేశించింది. మంచి అడుగే. ఆ పత్రం అమ్మకానికి ముందే, తెలుగులో కొనుగోలుదారు చేతికి రావాలి. ఐడీవీ ఎంత, ఏ భాగానికి ఎంత తరుగు, ఇంజిన్‌లో నీళ్లు పోతే డబ్బు వస్తుందా రాదా అన్న మూడు వరుసలు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. పాలసీ పీడీఎఫ్ ఇరవై పేజీల ఇంగ్లిష్‌లో ఉండి, దాన్ని తొలిసారి తెరిచేది కారు మునిగిన రోజున అయితే, ఆ రోజు అది చదివీ ప్రయోజనం లేదు.

క్లెయిమ్ తిరస్కరించినా, కోత పెట్టినా ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. 50 లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు, ఫీజు లేదు, లాయర్ అవసరం లేదు. సర్వేయర్ నివేదిక ప్రతి, షెడ్డు బిల్లు, నీటి మట్టం తెలిసేలా కారు మునిగిన చోటనే తీసిన ఫొటోలు వెంట ఉంటే చాలు.