అందరికిని తెరచిన క్షౌరశాల

'సెలూను' అను మాట నేడు మన పల్లెలలో సైతము వాడుకపడినది. దీనికి మూలమైన ఫ్రెంచి పదమునకు విశాలమైన గది యని అర్థము. పారిస్ నగరములో జరుగు చిత్రకళా ప్రదర్శనమునకును అదే పేరు. 1863లో అచటి న్యాయనిర్ణేతలు పెక్కు చిత్రములను త్రోసిపుచ్చగా చిత్రకారులు మొరపెట్టుకొనిరి. మూడవ నెపోలియన్ చక్రవర్తి ఆ చిత్రములకు వేరుగా ఒక ప్రదర్శనము నేర్పాటు చేయించెను. దానికి 'తిరస్కృతుల సెలూను' అని పేరు వచ్చినది. చూడవచ్చినవారిలో పలువురు నవ్విపోయిరి. ఆ గోడపై వ్రేలాడిన మానే చిత్రమొకటి నేడు ఫ్రాన్సు దేశపు కళానిధులలో చేరియున్నది. ఆ విధముగా ఒకే మాట ఒకచోట చిత్రశాల యైనది, మరొకచోట క్షౌరశాల యైనది. ఈ రెంటిని తిరిగి ఒక కప్పు క్రిందికి తేవచ్చునా యని అడిగినచో నవ్వువారు ఇప్పుడును ఉందురు.

తమిళనాడులోని తూత్తుకుడిలో పొన్ మారియప్పన్ అను క్షురకుడు ఆ ప్రశ్నకు తన చేతనైన సమాధానము చెప్పియున్నారు. పేదరికముచే బడిచదువు మధ్యలో మానిన ఆయన తన చిన్న అంగడిలో వందలకొలది పుస్తకములు అమర్చిరి. వంతు వచ్చులోపల చదువుకొన్నవారికి క్షౌరపు వెలలో కొంత తగ్గించిరి. 2020 అక్టోబరులో ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగములో ఆయనతో మాటలాడిన పిమ్మట ఆ అంగడి దేశమునకు తెలిసినది. ఆయన గుర్తించిన విషయము చాల చిన్నది. క్షౌరశాలకు వచ్చినవాడు కొంతసేపు ఊరకే కూర్చుండక తప్పదు.

ఈ కిటుకు తెలుగువారు ఎరుగనిది కాదు. 1935లో పాతూరి నాగభూషణము గారు కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ తిరుగు కాలువ పడవలో గ్రంథాలయము నెలకొల్పిరి. పడవ మెల్లగా సాగును. ప్రయాణికునకు వేరే పని యుండదు. పాఠకుడు గ్రంథాలయమునకు రాకున్నచో గ్రంథాలయమే అతడు తీరికగా ఉన్నచోటికి పోవలెనని ఆనాటి ఉద్యమకారులు గ్రహించిరి. కాలువ పడవలు పోయినవి. పనిలేక కూర్చుండు బల్ల మాత్రము ప్రతి ఊరి క్షౌరశాలలోను మిగిలియున్నది. దానిపై కూర్చున్నవాడు ఇప్పుడు చేతిలోని ఫోనును చూచుకొనుచున్నాడు.

కళ క్షురకుని యింటికి బయటినుండి వచ్చిన చుట్టమని మనము తలంపరాదు. తెలుగునాట నాదస్వరమును, డోలును తరతరములుగా కాపాడినవారిలో నాయీబ్రాహ్మణులు ముఖ్యులు. ఉదయము కత్తి పట్టిన చేయియే సాయంకాలము దేవాలయములో డోలు వాయించును. అంతటి విద్యకు మనమిచ్చిన గౌరవమేమి? పెండ్లిపందిటిలో మేళగాడు రాగము విస్తరించుచుండగా మనము కబుర్లు చెప్పుకొందుము. ముహూర్తము రాగానే 'గట్టిమేళము' అని కేకవేయుదుము. మన రసికత అంతటితో సరి! ఆ విద్వాంసుడు తన అంగడి అరుగుపై నెలకొక సాయంకాలము కూర్చుండి, కోరిన రాగమును కోరినంతసేపు వాయించినచో, వినుటకే వచ్చిన పదిమంది ఎదుట ఆ రాగమునకు ఎంత వ్యవధి కావలెనో తెలియగలదు. అరుగు అనుటకు కారణము లేకపోలేదు. నాదస్వరము ఆరుబయటి వాద్యము. ఇరుకు గదిలో దానిని భరించుట రసికునకు సైతము కష్టమే.

అయితే పుస్తకపు బీరువాకంటెను, నాదస్వరముకంటెను ముందుగా చూడవలసినది ఆ కుర్చీ. అందులో కూర్చుండుటకు అర్హులెవరు? 1948 నవంబరు 29న రాజ్యాంగసభలో డాక్టర్ అంబేద్కర్ 'అంగడి' యను మాటను విశాలమైన అర్థములో వాడితిమనియు, కోరి వచ్చినవారికి సేవ నందించు తావెల్ల అందులో చేరుననియు వివరించిరి. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది. 1976లో దానినే సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టమనిరి. అయినను 2024 ఆగస్టులో కర్ణాటకలోని కొప్పళ జిల్లాలో, క్షౌరశాలలో జరిగిన తగవులో ఒక దళిత యువకుడు హతుడైనట్లు పత్రికలు ప్రకటించినవి.

ఇందులో నిందనంతయు క్షురకునిపై మోపుట సులభము, కాని న్యాయము కాదు. పూర్వము అతనికి ఏటేట కళ్ళములో మేర కొలిచినవారు భూస్వాములు. వారి గడ్డము గీచిన కత్తి మాలమాదిగల గడ్డమును తాకినచో మరుసటి యేడు గింజ రాలదు. నేడు మేర చాలచోట్ల పోయి రొక్కము వచ్చినది, కాని భయము రొక్కముతో పోలేదు. పెద్దయిళ్ళవారు రామని బెదిరించినచో అంగడి అద్దె ఎట్లు చెల్లునను చింత అతనికి మిగిలియున్నది. కావున ఊరి క్షౌరశాల తలుపు తెరచుట క్షురకుని ఒక్కని పని కాదు. ఆ బెదిరింపు చేయగలవారు తామే పోయి అందరితోపాటు బల్లపై వంతుకై కూర్చుండవలెను. ఊరిలో మాట చెల్లు ఉపాధ్యాయుడు ఈ పనికి మొదట పూనుకొనవచ్చును. దళితునకు తలుపు తెరచిన అంగడి హిజ్రాను గుమ్మములో నిలిపినను అది తెరచినది కాదు. 2019 నాటి చట్టము వారికిని ప్రజలందరికి అందు సేవలను నిరాకరింపరాదని విధించినది.

ఇక నిర్వహణము. సంస్కృతిని ఉద్ధరించు ఉత్సాహములో మనము క్షురకుని కూలిని మరువరాదు. అతనికి తలకు ఇంత యని వచ్చుటయే రాబడి. తెలంగాణ ప్రభుత్వము 2021లో క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల విద్యుత్తు ఉచితమని ప్రకటించినది. అది మేలే, కాని పుస్తకములు కొనుటకు చాలదు. పుస్తకములను పాఠశాల తెచ్చి నెలకొకసారి మార్చవలెను. అవి చిన్నకథలు, పాటలు, బొమ్మల పుస్తకములై, పావుగంటలో కొంత చదువదగినవై యుండవలెను. అద్దమునకు ఎదుటి గోడ విద్యార్థుల చిత్రములకు మంచి తావు. కుర్చీలో కూర్చున్నవాడు కదలక అద్దములో వానినే చూచును. ఆ గోడపై రాజకీయపక్షముల ప్రకటనలను మాత్రము చేరనీయరాదు.

తెలుగునాట పెక్కు క్షౌరశాలలకు మంగళవారము సెలవు. ఆ దినమున యజమానికి అద్దె చెల్లించి, అంగడిని స్త్రీలకును పిల్లలకును చిత్రలేఖనమునకో కథలు చదువుటకో తీసికొనవచ్చును. పురుషులు నిండియున్న నాడు ఆ గుమ్మము తొక్కుటకు ఎందరో స్త్రీలు జంకుదురు. పనిదినములలో వంతుకొరకు గుమ్మము ప్రక్క ఒక నల్లపలక వ్రేలాడదీసిన చాలును. దానిపై వచ్చిన వరుసలో అంకెలు వేయవలెను. పేర్లు, ఇంటిపేర్లు వ్రాయనక్కరలేదు.