సభ ముగిసిన పిదప విద్య ఏమవుతున్నది?



పల్నాటి సీమలోని ఒక చిన్న గ్రామంలో శివాలయం. గత వర్షర్తువులో గర్భాలయం పైకప్పు నుండి నీరు కారడం ఆరంభమైంది. గ్రామస్థులు మరమ్మతుకు సిద్ధపడ్డారు. నాకన్న వయస్సులో చాలా చిన్నవాడైన అక్కడి అర్చకుడు ఫోను చేసి, "బాబాయిగారూ, ఈ మాత్రం పనికి బాలాలయం ఏర్పరచి కలాకర్షణ చేయవలసిందేనా? పని ముగిశాక సంప్రోక్షణ చేస్తే చాలదా?" అని అడిగాడు.

నాకు ఆ ప్రశ్న కొత్తది కాదు. అంతకు కొన్ని మాసాల క్రితం నేను పాల్గొన్న మూడు దినాల ఆగమ సదస్సులో ఇదే సంశయం చర్చకు వచ్చింది. ఒక వృద్ధ పండితులు దాదాపు అర్ధగంట సేపు దానిని విప్పి చెప్పారు. మరమ్మతు జరిగే స్థానమేది, బింబానికి స్పర్శదోషం కలుగుతుందా, పనివారు లోపలికి ప్రవేశించవలసి ఉందా, నిత్యార్చనకు ఎన్నాళ్లు అంతరాయం కలుగుతుంది అనే అంశాలను ఒక్కొక్కటిగా తీసుకొని, ఏ సందర్భంలో ఏది విధియో విభజించి చూపారు. సభాసదులమంతా తలలూపాము. నేను నా నోటుపుస్తకం వెదికి తెరచి చూస్తే అందులో ఉన్నవి మూడే మాటలు: "బాలాలయం, స్థానభేదం, చూడవలెను." ఎక్కడ చూడవలెనో వ్రాసుకోలేదు.

సిగ్గుపడుతూనే ఆనాటి సహాధ్యాయులకు ఫోను చేశాను. మాచర్ల వైపు నుండి వచ్చిన ఒకరికి ఆ విభాగాల క్రమం జ్ఞాపకముంది. సత్తెనపల్లి మిత్రుని వద్ద గ్రంథం పేరు, పటలం సంఖ్య ఉన్నాయి. మరొకరు పండితులవారు చివరలో చెప్పిన అపవాదాన్ని మాత్రం వ్రాసుకున్నారు. ఈ మూడు ముక్కలూ కూర్చుకొని ఆ పెద్దలకే వినిపిస్తే వారు ఒక చోట సవరించి, "ఆనాడు ఇదంతా చెప్పాను కదా నాయనా! అంతమంది కూర్చున్నారే, ఒక్కరైనా పూర్తిగా వ్రాసుకోలేదా?" అన్నారు.

ఆ గ్రామంలో పని శాస్త్రోక్తంగానే పూర్తి అయింది. కాని పెద్దల మాట నన్ను ఇంకా వదలలేదు. మన సదస్సులన్నింటి స్థితి ఇదే కదా అనిపించింది. పందిళ్లు వేస్తాము, విద్వత్సత్కారాలు చేస్తాము, పట్టు శాలువలు కప్పుతాము, మంగళాశాసనంతో ముగిస్తాము. నాలుగవ దినం ఆ విద్య ఎక్కడ ఉన్నదని అడిగితే చెప్పగలవారు లేరు.

విద్యార్జన నాలుగు పాదాలుగా జరుగుతుందని మన పెద్దలు లెక్క చెప్పారు. ఒక పాదం ఆచార్యుని నుండి, ఒక పాదం స్వబుద్ధి చేత, ఒక పాదం సహాధ్యాయుల వలన, శేషించిన పాదం కాలక్రమంలో లభిస్తుంది. వేదపాఠశాలలో చదివిన మావంటి వారికి ఇది అనుభవసిద్ధం. గురువుగారు సంథ చెప్పి లేచేవారు. ఆ తరువాత వల్లె వేసేటప్పుడు పక్కవాడు స్వరం తప్పితే మనం ఆపడం, మనం తప్పితే వాడు మోకాలిపై తట్టడం, ఇద్దరికీ సంశయం కలిగితే పెద్ద విద్యార్థిని అడగడం జరిగేది. పాఠం నిలిచింది ఆ వల్లెలోనే.

సదస్సు మనకు మొదటి పాదాన్ని మాత్రమే ఇస్తుంది. మిగిలిన మూడు పాదాలకు మనం ఏ ఏర్పాటూ చేయడం లేదు. సభను సభానంతరం కూడా కొనసాగించే సాధనాలు నేడు మన చేతిలో ఉండగా వాటిని ఉపయోగించకపోవడం ప్రమాదమే, అంటే శాస్త్రార్థంలో ఏమరుపాటే అని నా అభిప్రాయం. శిక్షావల్లి విద్యా విషయమైన సంహితోపాసనలో ఆచార్యుని, శిష్యుని రెండు వర్ణాలుగా, విద్యను వాటి సంధిగా, ప్రవచనాన్ని ఆ సంధిని కూర్చే సాధనంగా భావన చేయమంటుంది. కూర్చే సాధనం మూడు దినాలతో ఆగిపోతే సంధి ఎట్లా నిలుస్తుంది?

ఒక సభలోని విద్యను మరొక సభకు చేర్చడం మన సంప్రదాయానికి కొత్త కాదు. మహాభారతం మనకు చేరిన మార్గమే అది. జనమేజయుని సర్పయాగంలో వ్యాసభగవానుని సమక్షంలో వైశంపాయనుడు చెప్పాడు. అక్కడ విన్న ఉగ్రశ్రవసుడు నైమిశారణ్యంలో శౌనకుని ద్వాదశ వార్షిక సత్రానికి వెళ్లి ఋషులకు వినిపించాడు. ఒక యాగశాలలో ఆగిపోవలసిన కథ లోకానికంతటికీ దక్కింది. మన సదస్సులకు నేడు కావలసినది అటువంటి ఒక సూతుడు.

పురాణ ప్రవచన రంగంలో ఈ పని ఇప్పటికే జరిగింది. కాకినాడలో చాగంటి కోటేశ్వరరావుగారు చేసిన ప్రవచనాలను ముద్రణల ద్వారా వినని తెలుగు ఇల్లు అరుదు. తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఎస్వీబీసీ ఛానల్ 2008 నుండి ఎందరో పండితుల వాక్కును ఇంటింటికీ చేర్చింది. శ్రోతల కోసం ఇంత జరిగింది. ఆ శ్రోతలకు నిత్యం ఆలయంలో సమాధానం చెప్పవలసిన అర్చకుని శిక్షణ కోసం ఎంత జరిగిందో విజ్ఞులు ఆలోచించాలి.

దీనికి కారణం కూడా ఆలోచించాలి. నరసరావుపేట, గురజాల, మాచర్ల పరిసర గ్రామాలలో అనేక ఆలయాలకు ఒక్కడే అర్చకుడు. ధూప దీప నైవేద్య పథకం కింద వచ్చే భృతితో దీపం ఆరకుండా చూసుకునేవాడు. మూడు దినాలు సదస్సుకు వెళ్లాలంటే అతని స్థానంలో నివేదన చేసేవారు లేరు. కోటప్పకొండ తిరునాళ్ల వంటి వేళలలో అయితే అడుగు కదపడానికే వీలుండదు. అంటే ఎవరికి ఈ విద్య అత్యవసరమో వారే సభకు రాలేరు. సభ వారి వద్దకు వెళ్లాలి. వేరు మార్గం నాకు కనిపించడం లేదు.

2023వ సంవత్సరపు వినాయక చవితిని స్మరించండి. గణిత భేదాన్ని బట్టి కొంత తేడా ఉన్నా, చవితి తిథి సెప్టెంబరు 18న పగటివేళ ప్రవేశించి 19న పగటివేళ ముగిసింది. ఆ వ్రతానికి మధ్యాహ్నవ్యాప్తి ప్రధానం కనుక ఏ దినమన్న వివాదం రేగింది. పండితులు సమావేశమై నిర్ణయాలు ప్రకటించారు. పత్రికలు తేదీ మాత్రం ముద్రించాయి. మా ఆలయానికి వచ్చిన భక్తులు తేదీతో తృప్తిపడలేదు. "ఫలానా చోట రేపంటున్నారు, మీరు ఈ రోజంటున్నారు, ఎందుకు స్వామీ?" అని అడిగారు. పూర్వగణితమేది, దృగ్గణితమేది, తిథి రెండు దినాలను స్పృశించినప్పుడు ఏ న్యాయం ప్రవర్తిస్తుంది అన్న విచారణ వారికి కావాలి. ఆ విచారణ సభలోనే ఉండిపోయింది. కారణం తెలియని అర్చకుడు "పెద్దలు చెప్పారు" అనవలసి వచ్చింది. అట్లా పలుమార్లు అనవలసి వస్తే భక్తునికి శాస్త్రంపైనే విశ్వాసం సడలుతుంది.

మన పూర్వులు తీర్పుతో పాటు విచారణను కూడా భద్రపరచారు. 1612లో కమలాకర భట్టు పూర్తి చేసిన నిర్ణయసింధువును చూడండి. ఎవరి మతమేది, ఏ స్మృతి ఏమంటున్నది, దేనికి దేనితో విరోధం, చివరకు ఏది గ్రాహ్యం అన్న క్రమం అందులో కనిపిస్తుంది. నాలుగు శతాబ్దాల తరువాత కూడా మనం దానిని తెరుస్తున్నామంటే కారణం అదే.

నేడు వికీ అనే పద్ధతి ఈ పనికి అనువైనది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైంది. అందులో ప్రతి పుటకూ ఒక చరిత్ర ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో అక్కడ నిలిచి ఉంటుంది, పాత పాఠం నశించదు. పక్కనే ఒక చర్చా పుట ఉంటుంది. ప్రమాణం చూపని వాక్యాన్ని ప్రశ్నించే హక్కు అందరికీ ఉంది. తాళపత్రాలలో పాఠాంతరాలను అంచున గుర్తించిన లేఖకుల పనికి ఇది దగ్గర బంధువు. అయితే వికీపీడియా విజ్ఞాన సర్వస్వం గనుక మన ప్రయోగ సంశయాలకు అది స్థానం కాదు. అదే మీడియావికీ సాధనం ఉచితంగా లభిస్తుంది. దానితో ఏ పరిషత్తయినా తనకంటూ ఒక కోశాన్ని నిర్మించుకోవచ్చు.

ఆ కోశంలో ఒక్కొక్క పుట ఒక్కొక్క సంశయానికి ఉండాలి. దాని ఆకారాన్ని మీమాంసకులు ఏనాడో ఇచ్చారు: విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి. వీటికి తోడు గ్రంథనామం, పటలం లేదా అధ్యాయం, సంప్రదాయ భేదం వ్రాస్తే చాలు. శైవునికి విధి అయినది వైఖానసునికి కాకపోవచ్చు, పాంచరాత్రికునికి మరొకటి కావచ్చు. ఆ భేదాలను ఒకే ముద్దగా కలపకుండా పక్కపక్కన నిలపాలి.

ఇక ధ్వని విషయం. మన సదస్సులను ముద్రించడం లేదని కాదు. ఎన్నో గంటల వీడియోలు ఉన్నాయి. స్వాగతం, సత్కారం, ఉపన్యాసం అన్నీ ఒకటే ప్రవాహంగా ఉంటాయి. అందులో బాలాలయం గురించిన అర్ధగంటను వెదకడం గడ్డివాములో ఉంగరాన్ని వెదకడమే. ఒక్కొక్క సంశయాన్ని పదిహేను, ఇరవై నిమిషాల ముక్కగా విడదీసి, పేరు పెట్టి, పాడ్‌కాస్టుగా వారానికొకటి విడుదల చేస్తే, బస్సులో మాచర్ల వెళుతున్న అర్చకుడు చెవిలో పెట్టుకొని వినగలడు. వారం వారం విని ఆలోచించుకొనే అవకాశం కలగడమే నాలుగవ పాదమైన కాలాన్ని విద్యకు ఇవ్వడం.

వాట్సాప్ సమూహాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. నేనూ నాలుగింటిలో ఉన్నాను. అడిగిన ప్రశ్ననే ప్రతి పండుగకూ అడుగుతాము, చెప్పిన సమాధానాన్నే మళ్లీ చెబుతాము. శుభోదయ చిత్రాల కింద అది మునిగిపోతుంది. నీటిపై వ్రాత కొలనుకు మిగలదు.

ఆక్షేపణలు నాకు తెలుసు. మొదటిది అధికార విషయం. దీనిలో నేను రాజీ పడను. దీక్షాపేక్షితమైన మంత్రాలు, గురూపదేశం లేనిదే గ్రహించరాని న్యాసాదులు, రహస్య ప్రయోగాలు ముద్రణకు ఎక్కరాదు. వ్రాతను చూసి చదివే పాఠకుని శిక్షాగ్రంథం అధములలో లెక్కించింది. స్వరం గురుముఖతః రావలసిందే, పాడ్‌కాస్టు వేదాన్ని నేర్పలేదు. యునెస్కో 2003లో వేదపఠన సంప్రదాయాన్ని మౌఖిక వారసత్వంగా ప్రకటించింది కూడా ఆ మౌఖికతను గౌరవించే. నేను కోరుతున్నది నిర్ణయాలకు, కారణాలకు, ప్రమాణ స్థానాలకు మాత్రమే పరిమితం.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. యంత్రం ముందు పెట్టగానే పండితుడు జాగ్రత్త పడతాడు. "ఈ విషయంలో నాకు సంశయం తీరలేదు" అని సాటివారి మధ్య నిష్కపటంగా చెప్పే మాట లోకమంతా వింటుందనగానే గొంతులో ఆగిపోతుంది. ఇది నిజమైన నష్టం, దానిని తేలికగా తీసుకోలేము. కనుక వక్త అనుమతి లేనిదే ఏ ముక్కా బయటికి పోరాదు. వాదసమయంలో యంత్రాన్ని ఆపివేయాలి. వాదసారాన్ని మాత్రం ఇద్దరు వ్రాసి, సభలోనే చదివి వినిపించి, పెద్దల సమ్మతితో కోశంలో చేర్చాలి. పేరు వద్దన్నవారి పేరు ఉండరాదు.

మూడవది, అన్నీ ఇంట్లోనే దొరికితే సభకు ఎవరు వస్తారన్న భయం. ప్రవచనాలు విన్నవారు ప్రత్యక్షంగా వినాలని మరింత ఆర్తితో వచ్చారే గాని మానలేదు. సంశయాలను ముందుగానే సేకరించి కోశంలో ఉంచితే, సభకు వచ్చేవారు సిద్ధపడి వస్తారు. మూడు దినాలూ ఉపోద్ఘాతాలతో గడిచిపోవు.

ఇది చెప్పి ఊరుకోవడం నాకు న్యాయం కాదు. ఆ బాలాలయ విచారాన్ని మేము నలుగురం కలిసి పైన చెప్పిన అయిదు అంగాలతో ఒక పుటగా వ్రాశాము. నా వంతు ఆ మూడు మాటలే గనుక లేఖకుని పని నాకు దక్కింది. పండితులవారి మనుమడు దానిని తాతగారికి చదివి వినిపించాడు. వారు అంతా విని, అపవాదం చెప్పిన చోట గ్రంథస్థలం తప్పు పడిందని దిద్దించారు. పిమ్మట, "ఇంకొకటి మరచినాను, దానిని కూడా చేర్చుకోండి" అని సదస్సులో చెప్పని ఒక విశేషాన్ని అనుగ్రహించారు. సభ ముగిసి అప్పటికి ఏడు మాసాలు.

మీ మీ ప్రాంతాలలో జరిగే రాబోయే సదస్సులో ఒక్క సంశయాన్ని ఎంచుకొని ఇట్లాగే ఒక పుట వ్రాయండి. నలుగురు చాలు. స్వస్తి.