వృద్ధాశ్రమంలో వీడియో వైద్యం: ఫోన్ ఒక్కటే చాలదు

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు,

మా అమ్మకు 82 ఏళ్లు. వృద్ధాశ్రమంలో ఉంటోంది. మోకాళ్లు పట్టేశాయి, చెవులు సరిగా వినపడవు. బీపీ మాత్ర మార్చాలన్నా ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తిరిగొచ్చాక రెండు రోజులు మంచం దిగలేదు. అందుకే వీడియోలో డాక్టరు చూస్తారంటే ఎంతో సంతోషించాను.

మొన్న దగ్గరుండి చూశాను. ఆయా తన ఫోన్‌ను స్టీలు గ్లాసుకు ఆనించి పెట్టింది. డాక్టరుగారు బీపీ ఎంతుందని అడిగారు. మిషన్‌లో బ్యాటరీలు అయిపోయాయి. కాళ్ల వాపు నొక్కి చూడమన్నారు. ఎలా చూడాలో ఆయాకు తెలియదు. అమ్మకు ప్రశ్నే వినపడలేదు, అన్నిటికీ తలూపింది. చివరికి పాత మాత్రలే వాడమన్నారు.

ఇది డాక్టరు తప్పు కాదు, ఆయా తప్పూ కాదు. రోగి పక్కన ఆరోగ్య కార్యకర్త ఉండి డాక్టరుకు చూపించే పద్ధతిని 2020 మార్చి నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలే గుర్తించాయి. ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో గ్రామ ఆరోగ్య కేంద్రాల నుంచి జరుగుతున్నదీ అదే. ఆ సదుపాయం వృద్ధాశ్రమాల గడప కూడా తొక్కాలి.

మా విన్నపం ఇది. వారానికో రోజు ఏఎన్ఎం గారినో, నర్సునో బీపీ మిషన్, షుగర్ మిషన్, ఆక్సిమీటర్‌తో ప్రతి వృద్ధాశ్రమానికీ పంపండి. వీడియో సంప్రదింపు వారి సమక్షంలోనే జరగాలి. మందుల చీటీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఇవ్వండి. నెలకోసారి డాక్టరు స్వయంగా వచ్చి చూడాలి. చెయ్యి పట్టి చూసే వైద్యానికి వీడియో తోడు కావాలే గానీ, దాన్ని తప్పించుకునే దారి కాకూడదు.

ఏ తేదీ నుంచి మొదలుపెడతారో బహిరంగంగా ప్రకటించండి.

ఇట్లు,
ఒక తల్లి కూతురు