కాల్విన్ వాళ్ళమ్మ పేరేంటి?

ఈసారి ఒక ఆట గురించి చెప్పుకుందాం. మా హెర్న్‌డన్‌లో మంచు పడి స్కూళ్ళు మూసేసిన రోజుల్లో పిల్లల్ని స్క్రీన్ ముందు నుంచి లేపడానికి పనికొచ్చే ఆట. పేపర్లో వచ్చే కామిక్స్ నుంచి ఒకరిని, సూపర్‌హీరోల్లోంచి ఒకరిని తెచ్చి ఒకే ఇంట్లో పెట్టాలి. తర్వాత ఏమవుతుందో చెప్పాలి. గార్‌ఫీల్డ్ వెళ్ళి బ్యాట్‌మ్యాన్ గుహలో పడుకుంటే? స్నూపీకీ, సూపర్‌మ్యాన్ కుక్క క్రిప్టోకీ గొడవొస్తే? మనం చపాతీ ఒత్తి పెనం మీద వేసేలోపు పిల్లలు కథ అల్లేస్తారు.

ఇదేదో పిల్లల పిచ్చి అనుకోకండి, పెద్దవాళ్ళూ ఆడారు. 1997 ఏప్రిల్ 1న అమెరికాలో 40 మందికి పైగా కార్టూనిస్టులు ఒకరి స్ట్రిప్ ఒకరు గీసి పాఠకుల్ని ఏప్రిల్ ఫూల్ చేశారు. అసలు సూపర్‌హీరోలకీ దినపత్రికలకీ చుట్టరికం పాతదే. ముసుగు వేసుకున్న ఫాంటమ్ 1936లో పేపర్ స్ట్రిప్‌గానే పుట్టాడు. 1938లో పుస్తకంలో పుట్టిన సూపర్‌మ్యాన్ మరుసటి ఏడాదికల్లా పేపర్లోకి వచ్చాడు. స్పైడర్‌మ్యాన్ 1977 నుంచి దశాబ్దాలపాటు రోజూ మూడు నాలుగు గళ్ళలో కనిపించాడు.

మన ఇళ్ళలో ఈ ఆట ఆడితే బుడుగు రాక తప్పదు కదా! ముళ్ళపూడి వెంకటరమణ గారు రాసి, బాపు గారు బొమ్మలేసిన ఈ పిల్లాడు 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో అల్లరి మొదలుపెట్టాడు. బుడుగుది గళ్ళ కామిక్ కాదు, కబుర్లూ బొమ్మలూ కలిసిన వ్యవహారం. అయినా మనవాళ్ళకి పేపర్ పిల్లాడంటే వాడే.

బుడుగుని స్పైడర్‌మ్యాన్ ఇంటికి పంపితే మొదటి చిక్కు వరసల దగ్గరే వచ్చింది. ఇంగ్లీషులో ఆంట్ మే అంటే సరిపోతుంది. తెలుగులో అత్తయ్యా, పిన్నా, పెద్దమ్మా? బెన్ అంకుల్ పీటర్ వాళ్ళ నాన్నకి అన్నయ్య అని కనుక్కున్నాక, ఆవిడ 'మే పెద్దమ్మ' అయింది. తెలుగు క్లాసులో నెలరోజులు చెప్పినా ఎక్కని వరస పది నిమిషాల్లో ఎక్కింది.

రెండో మజిలీ కాల్విన్ ఇల్లు. బిల్ వాటర్సన్ 1985 నుంచి 1995 వరకు గీసిన 'కాల్విన్ అండ్ హాబ్స్' మన లైబ్రరీల్లో నలిగిపోయి ఉండే పుస్తకాల్లో ఒకటి. ఆరేళ్ళ కాల్విన్‌కి సూపర్‌హీరో అవతారం కూడా ఉంది, స్టుపెండస్ మ్యాన్. ఆ ముసుగూ కేపూ కుట్టిపెట్టింది వాళ్ళమ్మే. అవి తొడుక్కుని వాడు పోరాడే విలన్లలో ఒకరు 'మామ్-లేడీ'. అంటే అదే అమ్మ! డ్రెస్ కుట్టిన చేత్తోనే హోంవర్క్ చెయ్యమంటే మనం విలన్లమే కదా.

అక్కడ బుడుగు అడగబోయే మొదటి ప్రశ్న నాకు తెలుసు. "మీ అమ్మ పేరేంటి?" బుడుగుకి ఆ అలవాటుంది. వాడు అమ్మని రాధ అనీ, నాన్నని గోపాళం అనీ చెబుతాడు. కాల్విన్ మాత్రం జవాబు చెప్పలేడు. పదేళ్ళ స్ట్రిప్‌లో వాళ్ళమ్మకి పేరే లేదు. నాన్నకీ లేదు. ఈ కథకి వాళ్ళు కాల్విన్ అమ్మానాన్నలుగా ఉంటే చాలని వాటర్సన్ ఉద్దేశం. ఒకసారి కాల్విన్ నాన్న తోడబుట్టిన మాక్స్‌ని కథలోకి తెచ్చి ఇబ్బందిపడ్డాడు కూడా. చుట్టం ఇంటికొచ్చాక వాళ్ళిద్దర్నీ ఏదో ఒక పేరుతో పిలవాలి కదా! ఆ మాక్స్ మళ్ళీ రాలేదు.

నాకు ఇక్కడే మన ఇళ్ళు గుర్తొచ్చాయి. బుడుగు ఇంట్లో బామ్మ ఉంది, బాబాయి ఉన్నాడు. నలుగురున్న ఇంట్లో పెద్దవాళ్ళు పిలిచే పేరు పిల్లాడి చెవిన పడుతుంది. ఇక్కడ మన ఇళ్ళలో ఎవరు పిలుస్తారు? పిల్లలకి అమ్మ. భర్తకి 'ఏమోయ్', లేదా 'ఇదిగో'. స్కూల్ బస్ దగ్గర 'ఫలానా వాళ్ళ మామ్'. ఇక పేరు మిగిలేది ఆఫీసులో, అదీ సగానికి కత్తిరించి. అమ్మావాళ్ళో అత్తగారువాళ్ళో ఆర్నెల్లకి వచ్చినప్పుడే మన పూర్తి పేరు వంటింట్లో వినిపిస్తుంది. వాళ్ళు డల్లెస్‌లో విమానం ఎక్కగానే ఆ పిలుపూ వెళ్ళిపోతుంది.

పేరుదేముంది అంటారా? 2016లో వచ్చిన బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ సినిమాలో ఇద్దరూ చంపుకునేంత దూరం వెళ్తారు. పోరాటం ఆగింది ఒక పేరు దగ్గర. మార్తా. ఇద్దరి అమ్మల పేరూ అదే. చాలామంది ఆ సీన్‌కి నవ్వారు. నేను నవ్వలేదు. కొడుకు నోటి నుంచి అమ్మ పేరు వినబడగానే ఎదుటివాడు ఆగాడంటే, ఆ పేరు పిల్లలిద్దరికీ తెలిసి ఉండబట్టే.

ఆడవాళ్ళు గీసిన చోట అమ్మ సంగతి వేరుగా ఉంటుంది. కెనడాకి చెందిన లిన్ జాన్‌స్టన్ 1979లో మొదలుపెట్టిన 'ఫర్ బెటర్ ఆర్ ఫర్ వర్స్'లో అమ్మకి ఎలీ అనే పేరుంది, లైబ్రరీలో ఉద్యోగం ఉంది, విసుగుంది. పైగా ఏటేటా వయసూ వస్తుంది. మన తెలుగులో విశాఖపట్నం రాగతి పండరి గారు మగవాళ్ళే నిండిన కార్టూన్ల రంగంలో తన సంతకంతో నిలబడ్డారు. బొమ్మ కింద ఒక ఆడపేరు కనబడటమే అప్పట్లో పెద్ద విషయం.

మా ఊళ్ళో ఫోర్ట్‌నైట్లీ లైబ్రరీకి ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా? 1889లో ఇక్కడి ఆడవాళ్ళు పెట్టుకున్న క్లబ్బు పేరది. పిల్లలకి కాల్విన్ పుస్తకాలు తెచ్చుకునే చోట కూడా ఆడవాళ్ళు పేరు నిలుపుకున్నారన్నమాట.

అందుకే ఈ ఆటకి నేనొక నియమం పెట్టాను. ఏ హీరో ఏ ఇంటికి వెళ్ళినా, ఆ ఇంటి అమ్మకి పేరుండాలి. పేరు పెట్టాక పిల్లలు ఊరుకోరు. ఆవిడకి ఏమిష్టం, చిన్నప్పుడు ఏం చదివింది, ఎవరితో పోట్లాడేది అని అడుగుతారు. ఆ ప్రశ్నలు కాల్విన్ వాళ్ళమ్మ మీద మొదలై మెల్లిగా మన మీదకి వస్తాయి. రానివ్వండి, తీరిగ్గా చెప్పండి.

ఇంకో చిన్న పని కూడా ఉంది. మీ ఫోన్ తీసి చూడండి. 'ఫలానా వాళ్ళ మామ్' అని ఎంతమందిని దాచుకున్నారో లెక్కపెట్టండి. ఈ వారం వాళ్ళలో ఒక్కరి పేరు అడిగి మార్చండి. ఏమంటారు?