వేసవి అడవిలో బాటసారి ధర్మం

పరీక్షలు ముగియగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ విద్యార్థుల మనస్సులు నల్లమల వైపు మళ్ళడం సహజం. దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరితే ఆపైన ఫరహాబాద్ అడవి ఎదురవుతుంది. ‘ఫరహ్’ అనగా ఆనందం. ఆ పేరే మనకు ఆహ్వానం వలె వినిపిస్తుంది. కాని చైత్ర వైశాఖాలలో ఆ ఆనందానికి చెల్లించవలసిన మూల్యమెంతో యోచించేవారు అరుదు.

చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతరనే తీసుకుందాం. లోయలో జలపాతం చెంత వెలసిన లింగమయ్యను దర్శించడానికి వేలాది జనం రాళ్ళబాట వెంట కాలినడకన పోతారు. సామాన్యంగా కొండకు పోయేవాడు ఓపిక ఉన్నప్పుడు ఎక్కి, అలసినప్పుడు దిగుతాడు. ఇక్కడ అంతా తారుమారు. ఉదయం లోయలోకి సునాయాసంగా దిగినవాడు మధ్యాహ్నం కాలుతున్న బండల మీదుగా ఎక్కవలసి ఉంటుంది. దిగేటప్పుడే సీసా ఖాళీ చేసుకున్నవానికి ఎక్కేటప్పుడు దిక్కేది?

కొండ అనగానే చల్లదనమని మనం భ్రమపడతాం. నల్లమల నీలగిరుల వలె ఎత్తైనది కాదు. పైగా ఇది ఆకురాల్చే అడవి. వేసవిలో టేకు మోడువారుతుంది, వాగులు ఎండుతాయి. నీడ కావలసిన వేళకే నీడ కరవవుతుంది.

పులి భయం గురించి అందరూ అడుగుతారు. నిజానికి భయపడవలసినది ఎండకు, మన జేబులోని అగ్గిపెట్టెకు. రాలిన ఆకుల మీద పడిన ఒక్క బీడీ ముక్క, ఆర్పకుండా విడిచిన ఒక్క పొయ్యి కొండవాలును దగ్ధం చేయగలవు. మిగిలిన కొద్ది నీటిమడుగుల వద్ద మనం విడిది చేస్తే దప్పిగొన్న జంతువులు దూరాన నిలిచిపోతాయి. 2014లో రాష్ట్ర విభజన తరువాత అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా పేరొందిన ఆ సీమలో అతిథులం మనమే.

అట్లని విహారయాత్రలను నిషేధించమనడం నా అభిమతం కాదు. అడవిని చూడనివానికి అడవి మీద మమకారం కలుగదు. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే: అటవీ యాత్రను వర్షాలు వెనుదీసిన తరువాత, నవంబరు జనవరి నెలల మధ్య ఏర్పాటు చేయండి. వేసవిలో వెళ్ళక తప్పనిచో అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన చెంచు సహచరుడు, ప్రథమ చికిత్స నేర్చిన అధ్యాపకుడు ఉండి తీరవలెను.

విద్యార్థులు పాటించవలసిన నియమాలూ కఠినమైనవి కావు. తెల్లవారుజామున బయలుదేరవలెను. తెచ్చిన నీటిలో సగం తీరకముందే వెనుదిరగవలెను. నిప్పు ముట్టించరాదు. తోటివాడు తడబడి మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ కావచ్చునని గ్రహించి, వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, గాలి విసురుతూ వైద్యసహాయానికై కబురు పంపవలెను.

విద్యార్థి సోదర సోదరీమణులారా! శిఖరం చేరకుండా వెనుదిరిగినవాడు పిరికివాడు కాడు. తోటివారందరినీ క్షేమంగా ఇల్లు చేర్చి, అడవిని అడవిగా విడిచి వచ్చినవాడే నిజమైన యాత్రికుడు. ఫరహాబాద్ పేరులోని ఆనందానికి అర్హుడూ అతడే.